కంప్యూటర్ ఎంబ్రాయిడరీతో బొంత: ముందు కుట్టు, తర్వాతే కత్తెర

"డిజైన్ చక్కగా పడింది, కానీ గడులన్నీ అతికేసరికి మూలలు కలవడం లేదు." "చేప బొమ్మ చుట్టూ బట్ట ముడుచుకుపోయింది, ఇస్త్రీ చేసినా పోవడం లేదు." "బొంత కుట్టాక అట్టలా బిగుసుకుపోయింది, కప్పుకోవడానికి పనికిరావడం లేదు." ఎంబ్రాయిడరీ మిషన్ కొత్తగా కొన్నవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగేవి ఈ మూడే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే, ఒక చిన్న బొంతను మొదటి నుంచి చివరి దాకా మీ చేత కుట్టిస్తే మూడింటికీ జవాబు దొరుకుతుంది.

ఈ బొంత కొలత 36 × 42 అంగుళాలు. పిల్లలు నేల మీద ఆడుకోవడానికి, పెద్దవాళ్లు సోఫాలో కాళ్ల మీద కప్పుకోవడానికి సరిపోతుంది. ఇందులో 6 అంగుళాల గడులు 30 ఉంటాయి. అడ్డంగా 5, నిలువుగా 6. చదరంగం పలకలాగా ఒక గడిలో ఎంబ్రాయిడరీ, పక్క గడి ఖాళీ. అంటే మీరు కుట్టాల్సిన బొమ్మలు 15 మాత్రమే. గుడ్డను బిగించే ఫ్రేమ్ 10 సెంటీమీటర్లే ఉన్న ఇంటి మిషన్ మీద కూడా ఇది అవుతుంది. మొదటిసారే డబుల్ కాట్ బొంత మొదలుపెట్టవద్దు. సగంలో వదిలేసిన గడుల సంచులు నేను చాలా ఇళ్లలో చూశాను.

ఒక్క జాగ్రత్త ముందే చెబుతాను. ఏడాది నిండని పసిబిడ్డకు నిద్రలో ఏ బొంతా కప్పవద్దు, పక్కలో వదులుగా వేయవద్దు. ముఖం మీదికి వస్తే బిడ్డ తీసుకోలేదు. మెలకువగా ఉన్నప్పుడు నేల మీద పరిచి ఆడించడానికి, మీరు పక్కనే ఉండి వాడండి.

ఏమేం కావాలి

గుడ్డ 44 అంగుళాల పన్నా అనుకుని లెక్క వేశాను.

- ఎంబ్రాయిడరీ గడులకు లేత రంగు నూలు గుడ్డ: ఒకటింపావు మీటరు. కేంబ్రిక్ గానీ పాప్లిన్ గానీ తీసుకోండి. మల్మల్ వద్దు, మొదటిసారికి అది మరీ పలచన.
- ఖాళీ గడులకు రంగు గుడ్డ: 60 సెంటీమీటర్లు.
- అంచుకు: 40 సెంటీమీటర్లు. చుట్టూ పట్టీకి: 35 సెంటీమీటర్లు.
- వెనక వైపుకు: ఒకటింపావు మీటరు. ఇంట్లో మెత్తబడిన పాత నేత చీర ఉంటే అంతకంటే మంచిది లేదు.
- మధ్యలో పెట్టే పాలిస్టర్ వాడింగ్ షీటు: 40 × 46 అంగుళాలు, 100 జీఎస్ఎం (చదరపు మీటరుకు 100 గ్రాముల బరువు).
- ఎంబ్రాయిడరీ దారం: 40 నంబరు పాలిస్టర్. బాబిన్‌లోకి సన్నటి తెల్ల బాబిన్ దారం. గడులు అతకడానికి మామూలు కుట్టు దారం.
- స్టెబిలైజర్, అంటే గుడ్డ వెనక వేసే నాన్‌వోవెన్ కాగితం. మధ్యరకం మందం ఉన్న, చింపితే వచ్చేసే రకం.
- సూదులు: 75/11 ఎంబ్రాయిడరీ సూదులు, వాడింగ్‌తో కలిపి కుట్టడానికి 90/14 సూదులు.
- నీటితో చెరిగిపోయే మార్కింగ్ పెన్ను, గుండుసూదులు, స్కేలు, మంచి కత్తెర.
- పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు. పాత ఎక్స్‌రే ఫిల్మ్ అయినా చాలు. దీనితో పని తర్వాత చెబుతాను.

గుడ్డలన్నీ మన విశాఖలో జగదాంబ దగ్గరో, ద్వారకానగర్‌లోనో, గాజువాకలోనో ఏ మ్యాచింగ్ సెంటర్‌లోనైనా దొరుకుతాయి. షాపులో "నూలేనా?" అని అడిగితే అవుననే అంటారు. అంచు నుంచి నాలుగు పోగులు లాగి, ఇంటికి తెచ్చాక కాల్చి చూడండి. నూలు కాగితంలా కాలి మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టర్ కలిస్తే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. కలిసిన గుడ్డ మీద కుట్టలేమని కాదు, కానీ ఇస్త్రీ వేడికి అది ఒకలా, నూలు ఒకలా మారతాయి. రెండూ ఒకే బొంతలో వద్దు.

పొందూరు ఖద్దరు ముక్క వాడవచ్చా అని ఒకావిడ అడిగారు. వాడవచ్చు, ఎంతో అందంగా ఉంటుంది. అయితే చేత్తో వడికిన నూలు కాబట్టి పోగు ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది. దాని వెనక కాగితం ఒకటి కాదు, రెండు వేయండి.

వాడింగ్ గురించి నా అభిప్రాయం వేరుగా ఉంటుంది. నూలు వాడింగే గొప్పదని చాలామంది చెబుతారు. మన విశాఖ గాలిలో ఎప్పుడూ తేమే. నూలు వాడింగ్ ఆ తేమను పట్టుకుని వదలదు, ఉతికితే ఒక పట్టాన ఆరదు, సరిగ్గా ఆరకపోతే ముక్క వాసన వేస్తుంది. అందుకే ఇక్కడ వాడే బొంతకు పలచటి పాలిస్టర్ షీటే నయం. అరకులో ఉన్న చుట్టాలకు పంపుతుంటే రెండు పొరలు వేయండి. షీటు దొరకకపోతే అమ్మమ్మలు చేసిన పద్ధతి ఉండనే ఉంది. పాత నూలు చీరను రెండు మూడు మడతలు పరిచి మధ్యలో పెట్టండి. నిజానికి మన బొంత అంటే అదే.

దారం కూడా అంతే. రేయాన్ దారం మెరుపు ఎక్కువ, కానీ తడిస్తే బలం తగ్గిపోతుంది. తరచూ ఉతికే వస్తువుకు పాలిస్టర్ దారం తీసుకోండి.

1. గుడ్డ తడిపి ఆరబెట్టండి

అన్ని గుడ్డలూ రాత్రి నీళ్లలో నానబెట్టి, పొద్దున్న నీడన ఆరేయండి. ఎరుపు, ముదురు నీలం గుడ్డలను విడిగా నానబెట్టండి. తడి గుడ్డను తెల్ల గుడ్డ మీద పెట్టి గట్టిగా నొక్కి చూడండి. రంగు అంటితే ఇంకో రెండుసార్లు ఉతకండి. అప్పటికీ అంటుతుంటే ఆ గుడ్డ పక్కన పెట్టేయండి. రేపు మొదటి ఉతుకులోనే మీ తెల్ల గడులన్నీ గులాబీ రంగులోకి వస్తాయి.

ఈ పని మానేసేవాళ్లే ఎక్కువ. నూలు గుడ్డ మొదటిసారి తడిసినప్పుడు కుంగుతుంది, పాలిస్టర్ దారం కుంగదు. తడపకుండా కుట్టేస్తే, ఉతికాక బొమ్మ చుట్టూ గుడ్డ మాత్రం కుచ్చులు పడుతుంది.

వానాకాలంలో గుడ్డ ఆరినట్టే ఉంటుంది కానీ ఆరదు. ఇస్త్రీ పెట్టె కింద ఆవిరి వస్తుంటే ఇంకా తేమ ఉన్నట్టే. పూర్తిగా ఆరాకే తర్వాతి అడుగు.

2. డిజైన్ ఎంచుకోండి: ఇక్కడే బొంత బాగు, చెడు తేలిపోతాయి

బ్లౌజు మీద బాగున్న డిజైన్ బొంత మీద బాగుండదు. బ్లౌజు డిజైన్ నిండుగా, బరువుగా ఉంటుంది. అదే బొంత మీద కుడితే 15 చోట్ల 15 అట్టముక్కలు పెట్టినట్టు ఉంటుంది. బొంత మడత పడాలి, ఒంటికి అమరాలి, ఉతికి పిండడానికి రావాలి. కాబట్టి గీతల బొమ్మలు ఎంచుకోండి. ఒంటి గీత గానీ, అదే గీత మీద మూడుసార్లు వెళ్లే కుట్టు గానీ ఉన్నవి. నిండుగా నింపే చోట్లు చిన్నవిగా ఉండాలి. కన్ను, తోక, పువ్వు మధ్యభాగం లాంటివి చాలు.

లెక్క కావాలంటే మిషన్ తెర మీద కుట్ల సంఖ్య చూడండి. 9 సెంటీమీటర్ల బొమ్మకు 2,000 నుంచి 5,000 కుట్లు ఉంటే హాయిగా ఉంటుంది. 10,000 దాటితే నేనైతే వదిలేస్తాను. నింపుడు కుట్టుకు మామూలుగా వరసల మధ్య దూరం 0.4 మిల్లీమీటర్లు ఉంటుంది. మార్చే వీలుంటే 0.5 నుంచి 0.6 దాకా పెంచండి. మెత్తదనంలో తేడా చేతికే తెలుస్తుంది.

మిషన్ మీదే డిజైన్ సైజు పెంచడం, తగ్గించడం 10 శాతం లోపే పెట్టుకోండి. కొన్ని మిషన్లు సైజు మార్చినా కుట్ల సంఖ్య మార్చవు. తగ్గిస్తే అన్ని కుట్లూ చిన్న చోట ఇరుక్కుని దారం తెగుతుంది, ఒక్కోసారి గుడ్డకు చిల్లే పడుతుంది.

ఫైలు రకం కూడా చూసుకోండి. బ్రదర్ మిషన్లు పీఈఎస్, ఉషా జానోమ్ మిషన్లు జేఈఎఫ్ ఫైళ్లు చదువుతాయి. షాపుల్లోని పెద్ద మిషన్ల వాళ్లు ఎక్కువగా డీఎస్‌టీ అడుగుతారు. డీఎస్‌టీ ఫైలులో దారం రంగులు ఉండవు. తెర మీద కనిపించే రంగులు చూసి కంగారు పడకుండా, ఏ భాగానికి ఏ రంగో ముందే కాగితం మీద రాసుకోండి. సొంతంగా గీసుకోవాలనుకునేవాళ్లకు ఇంక్‌స్టిచ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. కంప్యూటర్‌లో బొమ్మలు గీయడం అలవాటున్న పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్లకు అప్పగించండి.

బొమ్మలు ఏవి అని అడిగితే, మన చుట్టూ ఉన్నవే. నేను చేసిన వాటిలో అందరూ మెచ్చుకున్నది ఐదు చేపలు, ఐదు తాబేళ్లు, ఐదు తెప్పలు వేసిన బొంత. చలికాలంలో మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు తెలుసు కదా, వాటి డిప్ప గీతలు ఒంటి కుట్టుకు ఎంత బాగా కుదురుతాయో చూడండి. ఏటికొప్పాక బొమ్మల గుండ్రటి ఆకారాలు, అరకు వలిసె పూలు కూడా తేలికైన గీతల్లో వస్తాయి. కొన్న డిజైన్ అయితే దానితో కుట్టిన వస్తువులు అమ్ముకోవడానికి అనుమతి ఉందో లేదో చదివి చూడండి.

3. ఒక ముక్క మీద పరీక్ష చేయండి

అసలు గుడ్డే, అసలు కాగితమే, అసలు దారమే. వేరే పాత ముక్క మీద చేసిన పరీక్ష పరీక్ష కాదు. 75/11 సూది కొత్తది వేయండి. వేగం నిమిషానికి 600 కుట్లు దాటనివ్వకండి.

కుట్టాక రెండు చోట్ల చూడండి. మొదట వెనక్కి తిప్పండి. వెడల్పుగా ఉన్న శాటిన్ గీత (దగ్గర దగ్గరగా అడ్డంగా పడే కుట్లతో నిండిన గీత) వెనక, మధ్యలో మూడో వంతు తెల్ల బాబిన్ దారం, రెండు పక్కలా రంగు దారం కనిపించాలి. వెనక అంతా రంగు దారమే ఉంటే పై టెన్షన్ (పై దారాన్ని పట్టి ఉంచే బిగువు) తక్కువగా ఉంది. పైన తెల్ల చుక్కలు కనిపిస్తుంటే పై టెన్షన్ ఎక్కువగా ఉంది. మీట తిప్పే ముందు దారం ఒకసారి పూర్తిగా తీసి, ఫుట్ (గుడ్డను నొక్కిపట్టే పాదం) పైకెత్తి మళ్లీ ఎక్కించండి. ఫుట్ దించి ఎక్కిస్తే దారం టెన్షన్ బిళ్లల మధ్యలోకి వెళ్లదు. సగం సమస్యలు ఇక్కడే తీరిపోతాయి.

రెండోది, గుడ్డను ఫ్రేమ్ నుంచి తీసి బల్ల మీద పెట్టి, బొమ్మ చుట్టూ చెయ్యి రాయండి. బల్లకు అంటిపెట్టుకుని ఉండాలి. గిన్నెలా లేస్తుంటే ఇంకో పొర కాగితం వేయండి, లేదా తేలిక డిజైన్‌కు మారండి. ఇస్త్రీతో సరిపోతుందిలే అనుకోవద్దు.

న్యూస్‌పేపర్ వేసి కుట్టవచ్చా? వద్దు. ఇంకు లేత గుడ్డకు అంటుతుంది, కాగితం ముక్కలు కుట్ల మధ్య ఇరుక్కుని ఉతికితే ఉండలు కడతాయి.

4. గుడ్డను పెద్దగా కత్తిరించండి

ఎంబ్రాయిడరీ గడికి కావలసింది మార్జిన్‌తో (అతకడానికి చుట్టూ వదిలే గుడ్డతో) కలిపి ఆరున్నర అంగుళాలు. కానీ ఇప్పుడు మీరు కత్తిరించాల్సింది 9 అంగుళాల చదరాలు. పన్నాకు నాలుగు వస్తాయి. మొత్తం 16 కత్తిరించి ఒకటి అదనంగా ఉంచుకోండి.

ఇది ఎందుకో నా అనుభవం చెబుతాను. మా తమ్ముడి కూతురి కోసం కుట్టిన మొదటి బొంతకు ఎంతో శ్రద్ధగా 15 గడులు సరిగ్గా ఆరున్నర అంగుళాలకు కత్తిరించుకున్నాను. తర్వాత ఎంబ్రాయిడరీ చేశాను. ప్రతి కుట్టూ గుడ్డను కొంచెం లోపలికి లాగుతుంది. కుట్టడం అయ్యేసరికి ఒక గడి ఆరుంపావు, ఇంకోటి ఆరు మీద మూడు వీసాలు (వీసం అంటే పదహారో వంతు), ఒకటి అయితే ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి. పెదవాల్తేరులో మా ఇంటి వసారాలో రాత్రంతా కూర్చుని లాగి లాగి అతికాను. ఒక్క మూలా కలవలేదు. మొత్తం విప్పి మళ్లీ కొత్త గుడ్డతో మొదలుపెట్టాను. మీకు ఆ కష్టం వద్దు. ముందు కుట్టు, తర్వాతే కత్తెర.

5. మధ్య గుర్తు పెట్టి, ఫ్రేమ్ బిగించండి

ప్రతి చదరాన్నీ నాలుగు మడతలు వేసి, మధ్య నుంచి నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి గీత గీయండి. గీతలు గుడ్డ పోగు వెంటే వెళ్లాలి. ఇది నీటి పెన్నుతో గీసిన గీత, తడపకుండా ఇస్త్రీ పెట్టె తగలనివ్వకండి. వేడి తగిలితే మరక అక్కడే నిలిచిపోతుంది.

ఫ్రేమ్ బయటి రింగు బల్ల మీద పెట్టండి. దాని మీద కాగితం, కాగితం మీద గుడ్డ, పైనుంచి లోపలి రింగు నొక్కండి. నాలుగు పక్కలా గుడ్డ సర్దుకున్నాకే మర బిగించండి. బిగించిన తర్వాత గుడ్డను లాగడం అందరూ చేసే తప్పు. లాగినప్పుడు సాగిన గుడ్డ, ఫ్రేమ్ తీయగానే వెనక్కి వస్తుంది. కుట్లు మాత్రం సాగిన కొలతలోనే ఉంటాయి. అలా వచ్చినవే మీరు నన్ను అడిగే ముడతలు.

సరిగ్గా బిగిసిందో లేదో ఇలా చూడండి. వేలితో కొడితే మెత్తగా డప్పు శబ్దం రావాలి. మీరు గీసిన రెండు గీతలూ నిటారుగా ఉండాలి, విల్లులా వంగకూడదు. వంగితే విప్పి మళ్లీ పెట్టండి. ఒక్కో గడికి రెండు నిమిషాలు ఎక్కువ పట్టినా పర్వాలేదు.

ఫ్రేమ్‌లో గుడ్డ బిగించడం మీకు కుదరకపోతే ఇంకో దారి ఉంది. కాగితాన్ని ఒక్కదాన్నే ఫ్రేమ్‌లో బిగించి, గుడ్డను దాని మీద పరిచి, అంచుల్లో గుండుసూదులు గుచ్చండి. లేదా మిషన్‌లో ఉండే చదరపు కచ్చా కుట్టు వేయండి. గుండుసూదులు బొమ్మ పడే చోటికి దూరంగా ఉండాలి. మిషన్ సూది దానికి తగిలితే సూది విరిగి కంట్లోకి ఎగురుతుంది.

6. కుట్టండి

సూదిని చక్రంతో చేత్తో దించి, సరిగ్గా రెండు గీతలు కలిసే చోట దిగుతోందా చూడండి. మొదటి పది కుట్లు దగ్గరుండి చూసి, ఆపి, దారం కొస కత్తిరించండి. ఆ కొస వదిలేస్తే కిందికి లాక్కెళ్లి గూడు కడుతుంది.

టకటకమని శబ్దం మారిందంటే వెంటనే ఆపండి. కింద దారం గూడు కట్టి ఉంటుంది. ఫ్రేమ్‌ను పైకి గుంజవద్దు. చిన్న కత్తెరతో గూడును కింద నుంచి కత్తిరించి, బాబిన్ తీసి, దుమ్ము తుడిచి, పది కుట్లు వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టండి.

గాలివాన రోజుల్లో కరెంటు పోవడం మనకు మామూలే. చాలా మిషన్లు ఆగిన చోటు గుర్తుంచుకుంటాయి. మీ మిషన్ సంగతి తెలియకపోతే, రంగు మారినప్పుడల్లా కుట్టు నంబరు ఒక కాగితం మీద రాయండి. కరెంటు వచ్చేదాకా ఫ్రేమ్ నుంచి గుడ్డను మాత్రం తీయవద్దు. తీసి మళ్లీ పెడితే అదే చోటికి రావడం దాదాపు అసాధ్యం.

సుమారు ఎనిమిది గంటల కుట్టుకు ఒక సూది మార్చండి. సముద్రం గాలికి సూదులు త్వరగా తుప్పు పడతాయి. వాడని సూదులు, గుండుసూదులు మూత ఉన్న డబ్బాలో పెట్టండి. బాల్కనీ వైపు గదిలో గుడ్డకు గుచ్చి వారం రోజులు వదిలేసిన ఒక్క గుండుసూది వల్ల నేను తెల్ల గడి ఒకటి పోగొట్టుకున్నాను. ఆ తుప్పు మరక ఉతికినా పోలేదు.

మిషన్ లేనివాళ్లు ఆగిపోనక్కర్లేదు. బ్లౌజులకు కంప్యూటర్ ఎంబ్రాయిడరీ వేసే షాపులు మన ఊళ్లో ప్రతి పేటలోనూ ఉన్నాయి. 9 అంగుళాల చదరాలు కత్తిరించకుండా, గుడ్డ మొత్తం ఒకే ముక్కగా, గడులు గీసి ఇవ్వండి. పెద్ద ఫ్రేమ్‌లో ఒకేసారి కొన్ని బొమ్మలు వేస్తారు. వెయ్యి కుట్లకు ఇంత అని లెక్క కడతారు కాబట్టి తేలిక డిజైన్ ఇక్కడ డబ్బు కూడా మిగులుస్తుంది. "బొంతకు, మెత్తగా ఉండాలి" అని చెప్పి, ఒకటి వేసి చూపించాకే మిగిలినవి వేయమనండి.

7. కాగితం తీసి, ఆరున్నరకు కత్తిరించండి

కుట్లను బొటనవేలితో అదిమి పట్టుకుని, కాగితాన్ని నెమ్మదిగా చింపండి. గట్టిగా లాగితే గుడ్డ పక్కకు సాగుతుంది. లోపల ఇరుక్కున్న చిన్న ముక్కలు వదిలేయండి, బొంతలో ఎవరికీ కనబడవు. పెన్ను గీతలు తడిపి పోగొట్టి, ఆరాక, మెత్తటి తువ్వాలు మీద బొమ్మను బోర్లా పెట్టి వెనక నుంచి ఇస్త్రీ చేయండి. పైనుంచి చేస్తే కుట్లు అణిగిపోతాయి.

ఇప్పుడు ప్లాస్టిక్ షీటు తీయండి. సరిగ్గా ఆరున్నర అంగుళాల చదరం కత్తిరించి, మధ్యలో నిలువు, అడ్డం గీతలు గీయండి. దీన్ని బొమ్మ మీద పెట్టి, బొమ్మ మధ్య షీటు మధ్యకు వచ్చేలా, తెప్ప వంకరగా లేకుండా సర్ది, చుట్టూ గీసి కత్తిరించండి. షీటు లోపలికి చూడగలుగుతారు కాబట్టి బొమ్మ ఏ పక్కకు ఒరిగిందో కత్తెర పెట్టక ముందే తెలిసిపోతుంది.

15 గడులూ అయ్యాక ఒకదాని మీద ఒకటి పేర్చి, మూలలు చూడండి. పేక ముక్కల కట్టలా ఉండాలి. ఒకటి పొట్టిగా ఉంటే దాన్ని అతికి సరిపెట్టవద్దు, అదనపు చదరం ఉంది కదా, మళ్లీ కుట్టండి.

రంగు గుడ్డలో ఆరున్నర అంగుళాల చదరాలు 15 కత్తిరించండి. అంచుకు మూడున్నర అంగుళాల వెడల్పు, 36న్నర అంగుళాల పొడవు పట్టీలు నాలుగు.

8. అతకండి

నేల మీద గడులన్నీ పరిచి, ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి. మధ్యలో లేచి వెళ్లి వచ్చాక వరస తప్పితే ఆ ఫొటోనే దిక్కు. తాబేలు తల అన్నింటికీ ఒకే వైపు ఉందా చూసుకోండి.

మార్జిన్ పావు అంగుళం. మిషన్ పలక మీద సూది నుంచి పావు అంగుళం కొలిచి టేపు అంటిస్తే చెయ్యి తప్పదు. ఒక్కో వరస ఐదు గడులు అతికాక, వెనక మార్జిన్లను రంగు గడి వైపుకే ఇస్త్రీ చేయండి. చదరంగం వరసలు కాబట్టి పక్క వరసలో అవి ఎదురు వైపుకు తిరుగుతాయి. రెండు వరసలు కలిపేటప్పుడు మార్జిన్లు ఒకదానికొకటి తాళంలా పడి మూలలు వాటంతటవే కలుస్తాయి.

ప్రతి వరస అయ్యాక కొలవండి. 30న్నర అంగుళాలు ఉండాలి. అర అంగుళం తేడా వస్తే మీ మార్జిన్ ఎక్కువైనట్టో, తక్కువైనట్టో. ఇప్పుడు సరిచేయడం తేలిక. ఆరు వరసలూ కలిపాక ముందు నిలువు పక్కలకు, తర్వాత పైనా కిందా అంచు పట్టీలు అతకండి.

9. మూడు పొరలు కలపండి

వెనక గుడ్డను 40 × 46 అంగుళాలకు కత్తిరించి, గచ్చు మీద బోర్లా పరిచి, చుట్టూ టేపుతో బిగువుగా అంటించండి. దాని మీద వాడింగ్, దాని మీద అతికిన పై గుడ్డ. మధ్య నుంచి బయటికి చేత్తో దులుపుతూ సర్ది, అరచెయ్యంత దూరంలో పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేయండి. సేఫ్టీ పిన్నులు పెట్టినా సరే. అయితే ఫ్రేమ్ పడే చోట పిన్నులు ఉంటే ఇబ్బంది, అందుకే నేను కచ్చా కుట్లే వేస్తాను.

తిప్పి వెనక చూడండి. ఎక్కడైనా మడత ఉంటే ఇప్పుడే విప్పి సర్దండి.

10. ఖాళీ గడుల్లో బొంత కుట్టు

ఎంబ్రాయిడరీ ఉన్న గడుల మీద ఇంక ఏమీ కుట్టవద్దు. వాటి చుట్టూ అతుకు గాడిలోనే మామూలు మిషన్‌తో తిన్నటి కుట్టు వేయండి. వాకింగ్ ఫుట్ ఉంటే మూడు పొరలూ కలిసి నడుస్తాయి. లేకపోతే కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు పెట్టి నెమ్మదిగా కుట్టండి.

ఖాళీ గడుల్లో ఎంబ్రాయిడరీ మిషన్‌తోనే అలల డిజైన్ వేయండి. పూర్తిగా ఒంటి కుట్టు డిజైన్, కుట్టు పొడవు 2.5 నుంచి 3 మిల్లీమీటర్లు. సూది 90/14కు మార్చండి. 100 జీఎస్ఎం వాడింగ్ పలచనే కాబట్టి ఫ్రేమ్ మర బాగా వదులు చేసి మూడు పొరలనూ కలిపి బిగించవచ్చు. కాగితం అక్కర్లేదు, వాడింగే ఆ పని చేస్తుంది. బాబిన్‌లోకి తెల్ల దారం తీసేసి, వెనక గుడ్డ రంగులో ఉన్న దారం వేయండి. ఈసారి వెనక కూడా కనబడుతుంది.

మధ్య గడి నుంచి మొదలుపెట్టి బయటికి రండి. బొంత బరువు ఫ్రేమ్‌ను కిందికి లాగితే డిజైన్ వంకర పోతుంది. మిషన్ పక్కన బల్ల గానీ కుర్చీ గానీ పెట్టి మిగతా బొంతను దాని మీద ఆనించండి. ప్రతిసారీ బటన్ నొక్కే ముందు ఫ్రేమ్ కింద చెయ్యి పెట్టి చూడండి. వెనక గుడ్డ మడత ఒకటి కింద చేరి ఉంటే దాన్నీ కలిపి కుట్టేస్తుంది. ఆ కుట్లు విప్పడం కొత్తగా కుట్టడం కంటే పెద్ద పని.

ఫ్రేమ్ బిగించడం కష్టంగా ఉంటే ఖాళీ గడుల్లో మూల నుంచి మూలకు రెండు తిన్నటి గీతలు కుట్టండి చాలు. అదీ కాకపోతే, చేత్తో వరస కుట్టు వేయండి. మా అమ్మ చేత్తో వేసిన గడులు మిషన్ గడుల కంటే అందంగా ఉన్నాయని చూసినవాళ్లందరూ అన్నారు, నేనూ ఒప్పుకుంటాను.

11. చుట్టూ పట్టీ

చుట్టూ మిగిలిన వాడింగ్, వెనక గుడ్డ కత్తిరించి తిన్నగా చేయండి. రెండుంపావు అంగుళాల వెడల్పు పట్టీలు ఐదు కత్తిరించి, ఏటవాలుగా అతికి ఒకే పట్టీ చేసి, నిలువునా మడిచి ఇస్త్రీ చేయండి. పై వైపు నుంచి పావు అంగుళం మార్జిన్‌తో కుట్టి, వెనక్కి తిప్పి చేత్తో హెమ్మింగ్ వేయండి. మూల రాగానే పావు అంగుళం ముందే ఆపి, పట్టీని 45 డిగ్రీలు మడిచి తిప్పండి. బ్లౌజు మెడకు పైపింగ్ వేసిన చెయ్యి అయితే ఇది మీకు కొత్త కాదు.

12. ఉతికి చూడండి

ఇవ్వబోయే ముందు ఒకసారి చల్లటి నీళ్లలో, తక్కువ సబ్బుతో, నెట్ సంచిలో వేసి ఉతకండి. పిండకుండా, రెండు తాళ్ల మీద పరిచి నీడన ఆరేయండి.

ఆరాక బొంతను వెలుతురు వైపు పట్టుకోండి. వాడింగ్ ఒకచోట చేరి మందంగా, ఇంకోచోట పలచగా కనిపిస్తే ఆ గడిలో బొంత కుట్టు చాల్లేదు, ఇంకో గీత వేయండి. వెనక వైపు చేత్తో తడమండి. గరుకుగా ముడి తగిలితే దారం కొసను సూదితో లోపలికి లాగి దాచండి. పిల్లల వేళ్లకు చుట్టుకునేంత పొడవున్న దారం ఒక్కటి కూడా ఉండకూడదు. పూసలు, చమ్కీలు అసలు వద్దు. చివరగా బొంతను నాలుగు మడతలు వేసి ఒళ్లో పెట్టుకోండి. మడత దగ్గర అట్టలా నిలబడుతుంటే డిజైన్ బరువెక్కువైంది. ఈ బొంతకు ఇంకేం చేయలేం, వచ్చే బొంతకు కుట్ల సంఖ్య సగానికి తగ్గించండి.

దాచేటప్పుడు ప్లాస్టిక్ కవర్‌లో పెట్టవద్దు, మన ఊరి తేమకు లోపల బూజు పడుతుంది. పాత నూలు చీర ముక్కలో చుట్టి, నెలకు ఒకసారి మడత మార్చి, ఎండ తగ్గిన సాయంత్రం గాలికి వేయండి.

ఇదే లెక్కతో సింగిల్ కాట్ బొంత కావాలంటే గడులు అడ్డంగా 9, నిలువుగా 14 పెట్టుకోండి. అంచుతో కలిపి 60 × 90 అంగుళాలు వస్తుంది. ఎంబ్రాయిడరీ గడులు 63 అవుతాయి. అంత పెద్దదాన్ని ఇంటి మిషన్ చేతి కింద తిప్పడం కష్టం కాబట్టి, మూడు ముక్కలుగా వేర్వేరుగా మూడు పొరలూ కుట్టి, ఆ తర్వాత కలపండి.